ఏ దేవదాసు కావాలి?

పది కోట్ల పాటలు జేబులో ఉన్నాయంటున్నారు. కావాల్సిన ఒక్క పాట కోసం అరగంట వెతుకుతున్నాం. స్పాటిఫై, జియోసావన్, యూట్యూబ్ మ్యూజిక్, యాపిల్ మ్యూజిక్, గానా... నెలనెలా చందా కట్టే ముందు తెలుగు శ్రోత ఏం చూసుకోవాలి?

తెనాలి బోసు రోడ్డు పక్క సందులో మా చిన్నప్పుడు ఒక రికార్డింగ్ షాపు ఉండేది. ఖాళీ క్యాసెట్టూ పాటల చీటీ ఇచ్చి వస్తే, రెండ్రోజుల్లో ఎక్కించి ఇచ్చేవాడు. అరవై నిమిషాల క్యాసెట్టులో ఒక్కో వైపు ఏడో ఎనిమిదో పాటలు పడతాయి. అయినా ‘ఇరవై రాసుకురా’ అనేవాడు. దొరకనివి పోగా క్యాసెట్టు నిండాలి కదా! ఓసారి మా నాన్న రాసిచ్చిన చీటీ పట్టుకెళ్లాను. షాపాయన మూడో వరుస దగ్గర పెన్సిల్ ఆపి, కళ్లజోడు పైనుంచి చూశాడు.

‘‘దేవదాసని రాశాడు. ఏ దేవదాసురా? నాగేశ్వర్రావుదా, కృష్ణదా?’’

‘‘నాకు తెలీదండీ. నాన్న రాశాడు.’’

‘‘మీ నాన్న రాశాడంటే నాగేశ్వర్రావుదేలే’’ అని పక్కన టిక్కు పెట్టుకున్నాడు.

మొన్న అదే మాట ఫోన్లో కొట్టాను. ఇప్పుడు దేవదాసులు ఇద్దరు కాదు. 1953లో అక్కినేని నటించి, సుబ్బరామన్ బాణీలకు ఘంటసాల పాడిన దేవదాసు ఒకటి. 1974లో కృష్ణ సినిమాకి రమేశ్‌నాయుడు సంగీతం. 2006లో రామ్ సినిమాకి చక్రి. 2018లో నాగార్జున, నాని కలిసి నటించిన ‘దేవదాస్’కి మణిశర్మ. వీటికి తోడు 2002లో వచ్చిన హిందీ దేవదాస్. ఫోన్ తన ఇష్టం వచ్చినదాన్ని పైన పెట్టింది. ఏది కావాలని మాత్రం అడగలేదు.

పాటల యాప్‌ని ఎంచుకోవడమంటే ఇంతే. మన చీటీ చదివి, మన మనసు కనిపెట్టే షాపువాణ్ని వెతుక్కోవడం. కంపెనీలేమో లెక్క చెబుతాయి. తమ దగ్గర పది కోట్ల పాటలున్నాయని యాపిల్ 2022 అక్టోబరులో ప్రకటించింది. పాటకు మూడు నిమిషాలు వేసుకున్నా, రాత్రీ పగలూ ఆపకుండా వింటే అవన్నీ పూర్తవడానికి 570 ఏళ్లు పడుతుంది. మనకు కావాల్సినవి మహా అయితే వెయ్యి. ఆ వెయ్యీ ఎవరి దగ్గర సరిగ్గా ఉన్నాయన్నదే అసలు సంగతి.

కొట్లు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి

క్యాసెట్ల తర్వాత సీడీలు, సీడీల తర్వాత మెమరీ కార్డులు వచ్చాయి. సెల్ షాపుకెళ్లి ‘కొత్త పాటలు ఎక్కించన్నా’ అని పది, ఇరవై రూపాయలు చేతిలో పెట్టిన రోజులు చాలామందికి గుర్తే. ఆ పాటలెక్కడివని షాపులో ఎవరూ అడగలేదు, ఆ డబ్బులో పైసా రాసినవాళ్లకూ పాడినవాళ్లకూ చేరలేదు.

చట్టబద్ధంగా నెట్‌లో పాటలు వినిపించే సంస్థలు మన దేశంలో ఒక్కొక్కటే వేళ్లూనుకున్నాయి. సావన్ 2007లో పుట్టింది, గానా 2010లో వచ్చింది. ఎయిర్‌టెల్ వారి వింక్ 2014లో, యాపిల్ మ్యూజిక్ 2015లో మొదలయ్యాయి. 2018లో సావన్, జియో మ్యూజిక్ కలిసి జియోసావన్ అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో స్వీడన్ నుంచి స్పాటిఫై దిగింది. మరుసటి నెలలోనే యూట్యూబ్ మ్యూజిక్ వచ్చింది. జియో వచ్చాక డేటా చవకైంది కాబట్టి, ఉచితంగా వినండంటూ అందరూ పోటీ పడ్డారు.

ఆ పండగ ఎక్కువ కాలం సాగలేదు. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020 చివర్లో మూతపడింది. గానా 2022లో ఉచితంగా వినే దారి మూసేసి చందాదారులకే పరిమితమైంది. రెస్సో అనే మరో పాటల యాప్ 2024 జనవరి 31తో మన దేశంలో ఆగిపోయింది. అదే ఏడాది వింక్‌ను మూసేస్తున్నట్లు ఎయిర్‌టెల్ ప్రకటించి, తన వినియోగదారుల కోసం యాపిల్ మ్యూజిక్‌తో చేతులు కలిపింది. ప్రకటనల ఆదాయంతో పాటల ఖర్చు గిట్టుబాటు కాకపోవడం ఈ వ్యాపారంలో పెద్ద సమస్య. అందుకే మిగిలిన కంపెనీలు ఇప్పుడు చందా వైపు తోస్తున్నాయి. ఉచితంగా వినేవాళ్లకు ఒక్కో సౌకర్యమూ తగ్గుతోంది.

మూతపడిన ఒకానొక యాప్‌లో నాలుగేళ్లుగా పేర్చుకున్న నా పాటల వరుస కూడా పోయింది. పాటలు మళ్లీ దొరికాయి. ఏ పాట తర్వాత ఏ పాట పెట్టుకున్నానో మాత్రం దొరకలేదు.

ముందు చీటీ రాయండి

యాప్ దించుకోకముందే చేయాల్సిన పని ఒకటుంది. కాగితం తీసుకుని ఇరవై పాటలు రాయండి. ఇష్టమైనవే కాదు, కాస్త చిక్కు పెట్టేవి కూడా ఉండాలి. 1965కి ముందువి అయిదు, ఎనభైలూ తొంభైల నాటివి అయిదు, ఈ రెండు మూడేళ్లవి అయిదు. మిగతా అయిదూ సినిమా బయటివి: ఒక అన్నమయ్య కీర్తన, ఒక పద్యం, ఒక జానపదం, ఒక లలితగీతం, ఒక కచేరీ ముక్క. ఈ చీటీ పట్టుకుని అయిదు యాప్‌లలోనూ వెతకండి. గంట పని. ఆ గంటలో తెలిసేంత ఏ ప్రకటనా చెప్పదు.

వెతికేటప్పుడు నాలుగు సంగతులు చూడాలి.

మొదటిది, సరైన సినిమాయేనా? ‘మల్లీశ్వరి’ అంటే 1951లో బీఎన్ రెడ్డి తీసిందీ ఉంది, 2004లో వెంకటేశ్ నటించిందీ ఉంది. ‘శంకరాభరణం’ 1980లో వచ్చింది, 2015లోనూ వచ్చింది. మణిరత్నం తెలుగులో తీసిన ‘గీతాంజలి’ తమిళంలోకి డబ్ అయింది కాబట్టి, బాణీ అదే వినిపిస్తుంది, మాటలు మాత్రం మారిపోతాయి. ఇప్పటి పాన్ ఇండియా సినిమాలకైతే ఒకే పాట నాలుగైదు భాషల్లో ఉంటుంది. తెలుగు పాట అడిగితే హిందీది పైకి తెచ్చే యాప్, రోజుకో చిరాకు తెచ్చిపెడుతుంది.

రెండోది, ఒరిజినలేనా? పాత పాటలకు కొత్త గొంతులతో మళ్లీ పాడించినవీ, డప్పులూ బీట్లూ కలిపి వదిలినవీ చాలా ఉన్నాయి. బొమ్మ మీద పాత పోస్టరే ఉంటుంది. నొక్కితే వేరే గొంతు. పల్లవి మొదటి పదం దగ్గరే మన పెద్దవాళ్లు పట్టేస్తారు, కాబట్టి ఈ పరీక్షకు వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి.

మూడోది, పేరు ఎలా రాశారు? ఇక్కడే తెలుగు పాటకు అసలు కష్టం. మన పాటల వివరాలు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. ఎవరికి తోచిన స్పెల్లింగు వాళ్లు రాస్తారు. బాలసుబ్రహ్మణ్యం పేరుకు కనీసం మూడు స్పెల్లింగులు కనిపిస్తాయి. సుశీలలో ‘శ’ ఒకచోట ఒకలా, మరోచోట మరోలా ఉంటుంది. ఇళయరాజాదీ ఇదే బాధ. కీరవాణిగారి సంగతి ఇంకా తమాషా. ఆయన తమిళంలో మరకతమణి, హిందీలో ఎం.ఎం. క్రీం. మనిషి ఒకడే అయినా వెతుకులాటలో ముగ్గురవుతాడు. చీటీలోని పేర్లను ఒకసారి ఇంగ్లీషు అక్షరాల్లో, ఒకసారి తెలుగు లిపిలో కొట్టి చూడండి. తెలుగు లిపికి కూడా సరిగ్గా పలికే యాప్‌కు ఒక మార్కు ఎక్కువ వేయండి.

నాలుగోది, రాసినవాళ్ల పేరుందా? పాట పక్కన హీరో పేరు ఉంటుంది, కంపెనీ పేరు ఉంటుంది. పింగళి, కృష్ణశాస్త్రి, ఆత్రేయ, వేటూరి, సిరివెన్నెల పేర్ల కోసం భూతద్దం పెట్టాలి. క్యాసెట్ అట్ట మీద చిన్న అక్షరాల్లోనైనా ‘రచన’ అని ఒక వరుస ఉండేది. వివరాల పేజీలో గీత రచయిత పేరు సరిగ్గా చూపించే యాప్‌ను, పాట విలువ తెలిసిన షాపనుకోవచ్చు.

ఎవరి సరుకు ఏమిటి?

స్పాటిఫై బలం, మనకేం నచ్చుతుందో ఊహించడంలో ఉంది. ‘ఈ పాట విన్నవాళ్లు ఇంకేం విన్నారు’ అని లక్షల మంది అలవాట్లను పోల్చి, వారానికోసారి కొత్త వరుస పేర్చి ఇస్తుంది. మా తెనాలి షాపాయన నాన్నను చూసి నాగేశ్వర్రావు దేవదాసని పోల్చుకున్నట్టే, ఇదీ పోల్చుకుంటుంది. కాకపోతే ఆయనకు మా ఇల్లు తెలుసు, దీనికి మా నొక్కుళ్లు మాత్రమే తెలుసు. ఇంటిల్లిపాదీ ఒకే ఖాతాలో వింటే పొద్దున సుప్రభాతం, మధ్యాహ్నం పిల్లల రైమ్స్, రాత్రి డీజే కలగలిసి, అది వడ్డించే విందు చిత్రంగా ఉంటుంది. ఎవరి ఖాతా వాళ్లకుంటేనే ఈ తెలివి పనికొస్తుంది. కుదరకపోతే, పిల్లలకు ఫోన్ ఇచ్చేటప్పుడు సెట్టింగుల్లో ప్రైవేట్ సెషన్ ఆన్ చేయండి.

యూట్యూబ్ మ్యూజిక్ బలం వేరు. ఆల్బమ్‌గా ఎప్పుడూ విడుదల కానిది కూడా ఇక్కడ దొరుకుతుంది. ఎవరో రేడియో నుంచి పట్టి దాచుకున్న లలితగీతం, ఊళ్లో జరిగిన హరికథ, గద్దర్ సభల్లో పాడిన పాట, ఏటా బతుకమ్మకు వచ్చే కొత్త పాటలు, తెలంగాణ జానపదాల వరద... ఇవన్నీ యూట్యూబ్ నేల మీద పెరిగిన పంట. బలహీనతా అక్కడే ఉంది. ఎవరైనా ఎక్కించవచ్చు కాబట్టి పేర్లు తప్పుగా, శబ్దం గరగరగా ఉండవచ్చు. చందా లేకపోతే ఫోన్ తెర ఆరగానే పాట ఆగిపోతుంది. మరో మంచి గుణం కూడా ఉంది. మన దగ్గరున్న ఎంపీత్రీలను లక్ష వరకు మన ఖాతాలోకి ఎక్కించుకుని ఎక్కడైనా వినొచ్చు.

యాపిల్ మ్యూజిక్‌లో ఉచితంగా వినే తరగతి లేదు. ఐఫోన్ ఉండాల్సిన పని మాత్రం లేదు, ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ నడుస్తుంది. నాణ్యత తగ్గని లాస్‌లెస్ పాటలనూ డాల్బీ అట్మాస్‌నూ 2021 నుంచి అదనపు రుసుము లేకుండా ఇస్తోంది.

జియోసావన్ తెలుగువాళ్ల ఫోన్లలో ఉండటానికి పాటలొక్కటే కారణం కాదు, కాలర్ ట్యూన్ కూడా. జియో నంబరున్నవాళ్లు వింటున్న పాటనే అక్కడికక్కడ కాలర్ ట్యూన్‌గా పెట్టుకోవచ్చు. మొదట్లోనే మీ భాషలేవని అడుగుతుంది, కాబట్టి తెలుగు వింటుంటే మధ్యలో పంజాబీలోకి జారిపోయే బాధ తక్కువ. గానా ఇప్పుడు రేడియో మిర్చి నడిపే సంస్థ చేతిలో ఉంది.

అసలు యాపే వద్దనుకునే పెద్దవాళ్లకు మరో రెండు దారులున్నాయి. ఒకటి, పాటలు ముందే నింపి సరిగమ అమ్మే కార్వాన్ రేడియో. నెట్ అక్కర్లేదు, మీట తిప్పితే చాలు. తెలుగు పాటలదీ ఉంది. రెండోది, ఆకాశవాణి. ప్రసార భారతి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో హైదరాబాద్, విజయవాడ కేంద్రాలను ఉచితంగా ప్రత్యక్షంగా వినొచ్చు. డాలస్‌లో ఉన్న అబ్బాయీ గుడివాడలో ఉన్న అమ్మా ఒకే నిమిషాన ఒకే పాట వినగలిగేది అక్కడే.

చెవికి ఎంత కావాలి?

నాణ్యత గురించి ప్రకటనలు చేసే హడావుడి అంతా ఇంతా కాదు. లెక్క తెలిస్తే సగం తేలిపోతుంది. 96 కేబీపీఎస్ (సెకనుకు 96 కిలోబిట్లు) దగ్గర గంట పాటలకు సుమారు 43 ఎంబీ ఖర్చవుతుంది. 160 దగ్గర 72, 320 దగ్గర 144 ఎంబీ. సీడీ నాణ్యతను కుదించకుండా పంపితే గంటకు 635 ఎంబీ. నాణ్యత పోకుండా కుదించినా అందులో సగం దాకా ఉంటుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు కారులో అయిదు గంటల ప్రయాణమనుకుంటే, 160లో 360 ఎంబీతో అయిపోతుంది, 320లో 720 అవుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్‌లో 720 అంటే సగం కోటా పాటలకే.

మరి తేడా వినిపిస్తుందా? మీరు వినేది మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తోనైతే లాస్‌లెస్‌కి అదనంగా కట్టకండి. బ్లూటూత్ ఆ పాటను మళ్లీ కుదించే చెవికి పంపిస్తుంది. కుళాయి సన్నగా ఉంటే ట్యాంకు ఎంత పెద్దదైనా ఒకటే కదా. తీగ ఉన్న మంచి హెడ్‌ఫోన్లో, ఇంట్లో మంచి స్పీకర్లో ఉంటే ఆ మాట వేరు. అప్పుడు కూడా ఏ పాటన్నది చూసుకోవాలి. ఇళయరాజా వయొలిన్ల వరస, ఇప్పటి సినిమాల ఆర్కెస్ట్రా విచ్చుకుంటాయి. 1950ల నాటి పాట ఒకే మైకు ముందు, ఒకే చానెల్లో రికార్డయింది. అప్పుడు పట్టుబడని శబ్దాన్ని ఇప్పటి ఫైలు ఎంత పెద్దదైనా పుట్టించలేదు. ఘంటసాల గొంతు 160లోనూ కళ్లు మూయిస్తుంది.

ఉచితం ఎంతకొచ్చింది?

ఉచితంగా వినడంలో తప్పులేదు. ప్రకటనల ద్వారా కొంత డబ్బు హక్కుదారులకు వెళ్తుంది. అయితే ఉచితంలో మనం చెల్లించేది ఓపికతో. 2023లో స్పాటిఫై మన దేశంలోని ఉచిత శ్రోతలకు పాటలను కోరుకున్న వరుసలో వినే వీలు తగ్గించింది. సినిమా పాటలకు వరుస తప్పినా నష్టం లేదు. సత్యహరిశ్చంద్ర పద్యాలు పెట్టుకుని చూడండి! షఫుల్ పుణ్యమా అని కాటి సీను ముందు వస్తుంది, వారణాసిలో ఆలిని అమ్మడం తర్వాత వస్తుంది, మధ్యలో ఎవరో చెప్పుల ప్రకటన చదువుతారు. సుప్రభాతం నడుమ ప్రకటన వచ్చిన ఇళ్లలో పెద్దవాళ్లు ఏమంటారో చెప్పక్కర్లేదు. పద్యాలు, కచేరీలు, స్తోత్రాలు వినేవాళ్లకు ఉచితం పనికిరాదు. వంట చేస్తూ ఏ పాట వచ్చినా సరేననుకునేవాళ్లకు బాగానే సరిపోతుంది.

చందా విషయానికొస్తే, మన దేశంలో ధరలు పాశ్చాత్య దేశాలతో పోలిస్తే చాలా తక్కువ. స్పాటిఫై ఇక్కడ 2019లో నెలకు 119 రూపాయలతో మొదలైంది. 2025 నవంబరులో మూడు తరగతులు చేసింది: 139, 199, 299. చవక తరగతిలో ప్రకటనలు ఉండవు, పాటలు దించుకునే వీలూ ఉండదు. లాస్‌లెస్ కావాలంటే అన్నిటికంటే పై తరగతి కట్టాలి. అమెరికాలో అదే సంస్థ 2024లో ఒక్కరి చందాను 11.99 డాలర్లు చేసింది. ధరలు ఏటా కదులుతున్నాయి కాబట్టి కట్టే రోజున మరోసారి చూసుకోండి. విద్యార్థి రాయితీ, కుటుంబ చందా అడగడం మరవొద్దు. యాపిల్, యూట్యూబ్ కుటుంబ చందాల్లో ఆరుగురి దాకా చేరవచ్చు, తలా ఒక ఖాతా. మీ మొబైల్ రీచార్జితోనో బ్రాడ్‌బ్యాండ్‌తోనో ఏదైనా పాటల యాప్ ఇప్పటికే కలిసి వస్తోందేమో చూడండి. చాలామంది ఉన్నదాన్ని వదిలేసి వేరేదానికి కడుతున్నారు.

ఇది అద్దె కొంప

క్యాసెట్టు కొంటే మనది. అరిగిపోయేదాకా మనదే. యాప్‌లో దించుకున్న పాట మనది కాదు. తాళం వేసి ఇచ్చిన పెట్టె లాంటిది, ఆ యాప్‌లోనే తెరుచుకుంటుంది. స్పాటిఫైలో దించుకున్నవి నిలవాలంటే 30 రోజులకు ఒక్కసారైనా నెట్‌కు కలపాలి. చందా ఆపిన రోజున తాళంచెవి వాళ్లు తీసేసుకుంటారు.

ఇంటాయనకూ స్థలం ఆయనకూ తగువొస్తే అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసినట్టు, పాటలు కూడా రాత్రికి రాత్రి మాయమవుతాయి. తెలుగు పాత పాటల్లో పెద్ద భాగం ఒకప్పటి హెచ్ఎంవీ, ఇప్పటి సరిగమ దగ్గర ఉంది. 2019లో సరిగమ, స్పాటిఫైల మధ్య వ్యవహారం కోర్టుకెక్కి, ఆ పాటలు స్పాటిఫై నుంచి తప్పుకున్నాయి. 2020 జూన్‌లో ఒప్పందం కుదిరాక తిరిగొచ్చాయి. 2024 మార్చిలో జీ మ్యూజిక్ పాటల వంతు వచ్చింది. ఒప్పందం మళ్లీ కుదరక అవి స్పాటిఫైలో మూగబోయాయి. ఇందులో శ్రోత తప్పేమీ లేదు. చందా కట్టాడు, పాట పోయింది.

హక్కులు దేశానికో తీరుగా కూడా ఉంటాయి. ఇక్కడ వినిపించిన పాట అమెరికాలో బూడిద రంగులో కనిపించి, నొక్కినా పలకకపోవచ్చు. పై చదువులకు వెళ్లే పిల్లలు తెలుసుకోవాల్సిన సంగతి మరొకటుంది. స్పాటిఫై ఉచిత ఖాతా పరాయి దేశంలో 14 రోజులే పనిచేస్తుంది. ఆ తర్వాత దేశం మార్చుకోవాలి, లేదా చందా కట్టాలి.

ఒక యాప్ నుంచి మరోదానికి మారడానికి సౌండీజ్, ట్యూన్ మై మ్యూజిక్ లాంటి సేవలున్నాయి. మన వరుసను చదివి కొత్తచోట అదే పేర్లతో వెతికి పేరుస్తాయి. పేరుతో వెతుకుతాయి కాబట్టి మన పాత చిక్కే మళ్లీ వస్తుంది. 1951 నాటి మల్లీశ్వరి బదులు వెంకటేశ్ మల్లీశ్వరి వచ్చి కూర్చోవచ్చు. మార్చిన తర్వాత ఒక్కో పాటా నొక్కి చూసుకోక తప్పదు. అన్నిటికంటే, ప్రాణంలా చూసుకునే వంద పాటలను సీడీల రూపంలోనో, కొన్న ఫైళ్లుగానో సొంతంగా దాచుకోండి.

మన 139 ఎవరికి వెళ్తుంది?

నేను నెలంతా ఘంటసాలనే విన్నాననుకోండి. నా చందా ఆయన పాటలకే చేరుతుందనుకోవడం సహజం. అలా జరగదు. పెద్ద కంపెనీలు ఎక్కువగా అనుసరించే పద్ధతిలో, అందరి డబ్బూ ఒకే హుండీలో పడుతుంది. అందులో సుమారు మూడింట రెండు వంతులు హక్కుదారులకు పంచుతారు. మొత్తం స్ట్రీమ్‌లలో (ఒక పాట ఒకసారి వినడం ఒక స్ట్రీమ్) ఎవరి పాటలు ఎంత వాటా అయితే, డబ్బులో వారికి అంత వాటా. నేను ఘంటసాలను వింటూ కట్టిన రూపాయిలో ఎక్కువ భాగం, ఆ నెల మోత మోగిన కొత్త పాటకు వెళ్తుందన్నమాట.

ముప్పై సెకన్లు దాటి వింటేనే ఒక స్ట్రీమ్‌గా లెక్క. మూడు నిమిషాల ఐటమ్ సాంగూ ఇరవై నిమిషాల సుప్రభాతమూ ఒక్కొక్క స్ట్రీమే. స్పాటిఫైలో 2024 నుంచి ఏడాదిలో కనీసం వెయ్యి సార్లు వినబడని పాటకు ఆ రికార్డింగు వాటా కింద పైసా రాదు. ఊరి జానపద గాయకుడికీ, అరుదైన కచేరీకీ ఈ గీత దాటడం తేలిక కాదు.

రచయితల సంగతీ చెప్పుకోవాలి. మన చట్టం ప్రకారం ఒక రికార్డింగు మీద హక్కు, అది విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్లు ఉంటుంది. 1957 నాటి ‘మాయాబజార్’ పాటల రికార్డింగులకు ఆ గడువు 2017తో తీరింది. సాహిత్యం మీద హక్కు మాత్రం కవి పోయిన తర్వాత కూడా 60 ఏళ్లు నిలుస్తుంది. పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు కాబట్టి ఆయన మాటకు 2031 దాకా విలువ కట్టాల్సిందే. సినిమాకు రాసిచ్చినా, బాణీ కట్టిచ్చినా రాయల్టీలో కవికీ సంగీత దర్శకుడికీ ఉన్న వాటా తీసేయడానికి వీల్లేదని 2012 సవరణ తేల్చింది. ఆ వాటా వసూలు చేసి పంచే సంఘం ఐపీఆర్ఎస్. పాట పక్కన కవి పేరు తప్పు పడితే గౌరవం ఒక్కటే కాదు, డబ్బూ దారి తప్పే ప్రమాదముంది. వివరాల పేజీలో తప్పు కనిపిస్తే యాప్‌లోనే ఫిర్యాదు చేయండి. అది కవికి మనం చేయగల చిన్న సాయం.

ఎవరికి ఏది?

చీటీ పరీక్ష చేసే ఓపిక లేనివాళ్ల కోసం నా తీర్పు ఇది.

కొత్త సినిమాల పాటలు, స్నేహితులతో పంచుకునే ప్లేలిస్టులు, రోజుకో కొత్త గొంతు కావాలంటే: స్పాటిఫై. పాటలు దించుకోవాలంటే మధ్య తరగతి చందా చాలు.

జానపదాలు, హరికథలు, కచేరీలు, ఎక్కడా దొరకని పాత పాటలు కావాలంటే: యూట్యూబ్ మ్యూజిక్. ఎటూ యూట్యూబ్‌లో ప్రకటనలతో విసిగిపోయిన ఇంటికి, రెండూ కలిసిన ప్రీమియం చందా న్యాయం.

మంచి స్పీకర్లు కొనుక్కుని, కూర్చుని వినే అలవాటుంటే: యాపిల్ మ్యూజిక్.

జియో నంబరు, కాలర్ ట్యూన్, తెలుగు హిందీ పాటలు చాలనుకుంటే: జియోసావన్.

డెబ్బై దాటిన నాన్నకు: కార్వాన్ లేదా ఆకాశవాణి. స్మార్ట్‌ఫోన్‌తో చనువుంటే మీ కుటుంబ చందాలో ఆయనకొక ఖాతా.

ఒకటి మాత్రం కచ్చితం. ఏడాది చందా ఒకేసారి కట్టేయకండి. నెల కట్టి, చీటీ పెట్టి చూసి, నచ్చితే కొనసాగండి. రెండు యాప్‌లకు కట్టేవాళ్లు ఒకటి మానేయండి. మిగిలిన డబ్బుతో ఏడాదికోసారి మీకు నచ్చిన గాయకుడి కచేరీకి టిక్కెట్టు కొనొచ్చు. ఆ రూపాయి హుండీలో కలవకుండా నేరుగా చేరుతుంది.

వచ్చే ఆదివారం సాయంత్రం అమ్మానాన్నల దగ్గర కూర్చుని, కాగితం మీద ఇరవై పాటలు రాయించుకోండి. రేపు యాప్ మారినా, కంపెనీ మూతపడినా ఆ చీటీ మీ దగ్గరుంటే పాటలను మళ్లీ పేర్చుకోవచ్చు. ప్రతి పాట పక్కనా సినిమా పేరు, పాడినవాళ్లు, రాసినవాళ్లు, ఏడాది రాయండి. దేవదాసు దగ్గర మాత్రం 1953 అని వేయడం మరవకండి.